డ్రాయింగ్‌లో లేదు

మొగుడి మీద రామాబాయికి ఒకటే ఫిర్యాదు. మరీ బుద్ధిమంతుడైపోయాడు.

సాయంత్రం ఆరింటికల్లా ఇంట్లో ఉంటున్నాడు. ఆమె ఏళ్ల తరబడి దేవుణ్ని అడిగింది అదే. మిక్సీ జోలికీ పోవడం లేదు. ఇదివరకు అది వారానికోసారి నట్లు నట్లుగా ఊడి మంచం మీద పరిచి ఉండేది. ఇప్పుడు పాపం, దానికీ తోచడం లేదు.

ప్రాణేశ్ రాయచూరులో ధాన్యంలో రాళ్లు ఏరే యంత్రాలు చేసేవాడు. చిన్న ఫ్యాక్టరీ. ఏ మిల్లుకు ఏ తంటా వచ్చినా వెనక రేకుల షెడ్డులో కూర్చుని, ఏదో ఒకటి కొత్తగా కట్టి పంపేవాడు.

రెండేళ్ల కింద ఒక విదేశీ కంపెనీ దాన్ని కొనేసింది. ముందు గోడలకు అద్దాలొచ్చాయి. వెనక షెడ్డుకు తాళం పడింది. కొత్తవి అక్కడివాళ్లు ఆలోచిస్తారట. ఇక్కడివాళ్లు డ్రాయింగ్ చూసి బిగిస్తే చాలట. ప్రాణేశ్‌కు మేనేజరు కుర్చీ వేశారు.

ఆ ఆదివారం తుర్విహాళ నుంచి కోటయ్య వచ్చాడు. పాత ఖాతాదారు. మిల్లు యజమాని. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"వానకి తడిసిన వడ్లండీ. మట్టిబెడ్డలు అచ్చం గింజల్లాగే ఉన్నాయి. మీ కొత్త మిషను రాళ్లని పడుతోంది, బెడ్డల్ని వదిలేస్తోంది. నిన్న బియ్యం లారీ వెనక్కొచ్చింది. ఇంకోటొస్తే మిల్లుకి తాళమే. ఏదైనా ఉపాయం చెయ్యండి."

"డ్రాయింగ్‌ల లేదు కోటయ్యా."

"డ్రాయింగేంటండీ! మీ చెయ్యి ఏమైంది?"

"చేస్తే వాళ్లు ఒప్పుకోరు. నాకు గూడ చెయ్యబుద్ధి అయితలేదు."

రామాబాయి చాయ్ తెచ్చింది. "ఆయన్నేంది అడుగుతరన్నా? సాహెబ్ అయిండు. స్పానర్ పడితే అంగీ మాస్తది."

ప్రాణేశ్ నవ్వలేదు. తలెత్తలేదు.

కోటయ్యకు ఒళ్లు మండింది. "ఊరంతా అంటుంటే నమ్మలేదు. సొమ్ము కనబడగానే అమ్మేసుకున్నారు! మీ బుర్రతోపాటు మా మిల్లుల్నీ అమ్మేశారు. ఇంట్లో ఒక్కళ్లయినా అడ్డం పడలేదా?"

ప్రాణేశ్ చాయ్ గ్లాసు ఆయన ముందుకు జరిపాడు. రెండేళ్లుగా ఎవరేమన్నా ఇలాగే పడుతున్నాడు.

చాయ్ ముట్టకుండానే కోటయ్య లేచాడు. రామాబాయి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఆయన్నేమనకుండ్రి అన్నా... ఫ్యాక్టరీ నా పేరు మీదుండె, ఆయన వద్దు వద్దని కాళ్లు పట్టుకున్నా వినకుండ సంతకం పెట్టి అమ్మింది నేనే, తప్పు నాదే."