గడ్డివాము చుట్టూ పది చుట్లు

ఒక కళ్ళంలో బొద్దయ్య అనే పందికొక్కు ఉండేది. తిని తిని ఒళ్ళు పెరిగి, సొంత కన్నంలోనే పట్టకుండా పోయింది. పిల్లి భయంతో రోజూ తెల్లవారగానే గడ్డివాము చుట్టూ పది చుట్లు పరుగెత్తింది. మూడు నెలల్లో ఒళ్ళు కరిగింది.

ఆ కథ వినడానికి ఎలుకలు రోజూ తెల్లవారగానే రాసాగాయి. పెద్దల దగ్గరికి ఒట్టి చేతులతో పోకూడదు కనుక తలా రెండు వేరుశనగ గింజలు తెచ్చేవి. బొద్దయ్య అవి తింటూ కథ చెప్పేది. విన్న ఎలుకలు వెళ్ళి పరుగెత్తేవి. బొద్దయ్యకు మాత్రం తీరిక దొరికేది కాదు.

ఒకనాడు కథ మధ్యలో పిల్లి వచ్చింది. ఎలుకలన్నీ బొద్దయ్య కన్నంలోకే దూరాయి. వెనకే దూరిన బొద్దయ్య నడుము దగ్గర ఇరుక్కుంది.

"లాగండర్రా!"

"లాగుతూనే ఉన్నాం మామా! ఈ ఘట్టం నువ్వెప్పుడూ చెప్పలేదే?" అంది ఒక కుంటి ఎలుక.

బొద్దయ్య ఎలాగో లోపల పడింది. తోక మాత్రం పిల్లి నోట్లో ఉండిపోయింది.

మర్నాడు ఎలుకలు గింజలతో వచ్చేసరికి బొద్దయ్య నాలుగో చుట్టులో ఉంది.

"కథ చెప్పవా మామా?"

"ఆ గింజలు అక్కడ పడేసి నా వెంట పరుగెత్తండి. చెబుతాను."