ఊపి చూసుకునే గిజిగాడు

చెరువు మీదికి వంగిన తుమ్మకొమ్మకు ఓ గిజిగాడు గూడు అల్లుతున్నాడు. రోజూ పొద్దున్నే కొత్త పోచ తేకముందే, ముందురోజు అల్లినచోట కాళ్లతో పట్టుకుని వేలాడుతూ బలంకొద్దీ ఊపేవాడు. వదులుగా ఉన్న పోచ కనిపిస్తే పీకేసి మళ్లీ అల్లేవాడు.

పక్కకొమ్మ మీది గిజిగాడు పకపకా నవ్వాడు. "నా గూడు ఎప్పుడో అయిపోయింది. నీ గూటికి నువ్వే పగవాడివేంట్రా?"

"పోయినేడు నాదీ తొందరగానే అయిపోయింది అన్నా. ఒక్క గాలికి చెరువులో పడింది. నేను ఊపితే రాలేది గడ్డిపోచ. గాలి ఊపితే రాలేవి గుడ్లు."

నవ్వినవాడు తన గూటి దగ్గరికెళ్లి ఓ పోచ లాగాడు. ఊడి ముక్కులోకొచ్చింది. తర్వాత రెండోది లాగాడు.