పేరు కొట్టిన గ్లాసు

జగదీశ్వర్‌కు మంచినీళ్లంటే భయం పట్టుకుంది.

ఇంట్లో నీళ్లు కాదు, అయినవాళ్లు ఇచ్చే నీళ్లు. సిద్దిపేటలో తన కులంవాళ్ల గడప ఎక్కడ తొక్కినా, మర్యాదకు ముందు నీళ్లొస్తాయి. అవి ఆ గ్లాసులోనే వస్తాయి. గ్లాసు మీద సన్నటి చుక్కల అక్షరాలు: 'కీ.శే. సాయిప్రియ జ్ఞాపకార్థం.' అతను ఆ పేరును బొటనవేలితో మూసిపట్టి, గటగటా తాగేస్తాడు. తాగినా దాహం తీరదు.

ఆ అక్షరాలు కొట్టింది అతనే. స్టీలు సామాన్ల దుకాణం అతనిది. పేర్లు కొట్టే చిన్న కరెంటు మిషన్‌తో పెళ్లి బిందెల మీద, గృహప్రవేశం పళ్లేల మీద ఎందరి పేర్లు కొట్టాడో లెక్కే లేదు. కూతురి పేరు కొట్టిన రోజు మాత్రం షట్టర్ సగం దించుకుని కూర్చున్నాడు.

అంతకుముందు కులసంఘం కూర్చుంది. దుబ్బాకలో మగ్గం నేసే ఇంటి పిల్లవాడు శ్రావణ్‌ను సాయిప్రియ ఇష్టపడిందని అప్పటికే ఊరంతా గుప్పుమంది. సంఘం పెద్ద లింగమూర్తి కండువా సర్దుకున్నాడు. కులం పరువు మొత్తాన్ని ఆ కండువా కొసకే ముడివేసుకుని తిరుగుతాడాయన.

"బిడ్డ కావాల్నా, కులం కావాల్నా? నీకు కొడుకు గూడ ఉన్నడు. సాయిచరణ్‌కు ఎవ్వలు పిల్లనిస్తరు? రేపు పొద్దుగాల్ల వరకు తేల్చు జగదీశ్వర్."

తెల్లవారేసరికి జగదీశ్వర్ తేల్చేశాడు.

పాత బస్టాండ్ చౌరస్తాలో ఫ్లెక్సీ లేచింది. నవ్వుతున్న సాయిప్రియ, ఫొటో చుట్టూ పూలదండ, కింద 'శ్రద్ధాంజలి'. హాలు మాట్లాడి కులం మొత్తాన్ని భోజనాలకు పిలిచాడు. వచ్చిన ప్రతి ఇంటికీ ఒక గ్లాసు ఇచ్చాడు. ఏమైందని ఒక్కరూ అడగలేదు. కేసూ కాలేదు. లింగమూర్తి పప్పులో నెయ్యి ఇంకాస్త వేయించుకుని, లేచి వచ్చి భుజం తట్టాడు.

"మొగోన్ని అనిపిచ్చుకున్నవ్ తమ్మీ."

కాంతమ్మ మాత్రం ఆ రోజు మెతుకు ముట్టలేదు. "తొమ్మిది నెలలు మోసి కన్న. నీ చేతులతోటి సంపినవ్ గద," అంది భర్తతో. అదే ఆఖరు మాట. ఆ తర్వాత పళ్లెంలో అన్నం పెడుతుంది, పక్కకు పోతుంది. ఫొటోకు దండ వేయబోతే లాక్కుపోయి ట్రంకుపెట్టెలో దాచింది. దీపమూ పెట్టనివ్వలేదు.

అప్పటినుంచి సాయిప్రియ కనబడడం మొదలైంది.

మొదట రైతుబజారులో, టమాటాలు ఏరుతూ. ఆ తర్వాత దుబ్బాక బస్సు కిటికీలో. ఒకసారైతే దుకాణానికి ఎదురుగా, ఓంప్రకాశ్ బట్టల కొట్టు నీడన నిలబడి, నేరుగా అతన్నే చూస్తూ. పెదవులు కదిలాయి. పిలిచిందేమో.  జగదీశ్వర్ కళ్లు గట్టిగా మూసుకున్నాడు. తెరిచేసరికి అక్కడ ఎవరూ లేరు.

ఇక తాళలేక లింగమూర్తి ఇంటికి వెళ్లాడు.

"అన్నా, నాకు బిడ్డ కనవడుతుంది. నిద్ర పడుతలేదు."

లింగమూర్తి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "కనవడ్డా సూడకు. పిలిచినా పలుకకు. ఒక్కసారి పలికినవా, ఇంటి మీదికి తెచ్చుకున్నట్టే. మల్ల అంతా మొదటికొస్తది."

అంతలో లోపలినుంచి నీళ్లు వచ్చాయి, ఆ గ్లాసులోనే.

ఆనాటినుంచి జగదీశ్వర్ మనుషుల ముఖాలు చూడడం మానేశాడు. దుకాణంలో తల వంచుకునే బేరం చేస్తాడు. అతనికి కనబడేవి గిన్నెలు, గిన్నెలు పట్టుకున్న చేతులు. అంతే.

రెండో ఏటి ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. రోడ్డు మీద నరపురుగు లేదు. జగదీశ్వర్ ఎవరిదో బిందె మీద పేరు కొడుతున్నాడు. బల్ల మీద చిన్న చప్పుడయింది. పాలన్నం కలిపే బుల్లి గిన్నె ఒకటి ఎవరో పెట్టారు. గిన్నె అంచు మీద ఒక ఆడపిల్ల చేయి. బొటనవేలి మొదట్లో పాత గాటు.

ఆ గాటు అతనికి తెలుసు. చిన్నప్పుడు ఈ దుకాణంలోనే ఆడుకుంటూ పళ్లెం అంచుకు కోసుకుంది. తన రుమాలు చుట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా దవాఖానకు ఎత్తుకుని పరుగెత్తాడు.

మిషన్ ఆపేశాడు. కళ్లు మూసుకున్నాడు. తెరిచాడు. చేయి అక్కడే ఉంది.

ఎదురుగా ఓంప్రకాశ్ తన కొట్టు మెట్ల మీదికి వచ్చి ఇటే చూస్తున్నాడు.

పలకకూడదు. పలికితే అంతా మొదటికొస్తుంది. కొడుకు పెళ్లి, పరువు, భుజం మీద పడ్డ ఆ చేతి మెప్పు, అన్నీ పోతాయి.  అంత భయంలోనూ అతనికి ఏడుపొచ్చింది. ఏమైనా కానీ, అది తన బిడ్డ చేయి. ఎన్ని గ్లాసుల మీద ఆ పేరు మూసినా మూతపడని చేయి.

గిన్నెను మెల్లగా దగ్గరికి లాక్కున్నాడు. తల మాత్రం ఎత్తలేదు.

"ఏం పేరు కొట్టాలె... బిడ్డా?"

"నీ మనుమనిది గిన్నె, జగదీశ్వర్ అని కొట్టు బాపూ," అంది సాయిప్రియ, చంకలో నిద్రపోతున్న శ్రావణ్ కొడుకును సర్దుకుంటూ.