నెలకో గంట

"ఇరవై ఏళ్లా? మేడమ్, మీరు అడిగేది టెలిస్కోపా, పెన్షనా?"

గదిలో నవ్వులు లేచాయి. అంతరిక్షంలో తిరిగే ఎక్స్‌రే టెలిస్కోపును ఎవరు ఎంతసేపు వాడుకోవాలో తేల్చే సంఘం అది. అడిగినవాడు సంఘంలో అందరికన్నా చిన్నవాడు. ఎంతటివారి అర్జీనైనా కత్తిరించేస్తాడని అతన్ని అందరూ 'కత్తెర' అంటారు.

ఎదురుగా కూర్చున్న డెబ్బై రెండేళ్ల శాస్త్రవేత్త కూడా నవ్వింది. "నెలకు ఒక్క గంట చాలు బాబూ. అదీ ఒకే ఒక్క గెలాక్సీ కోసం."

"దాన్ని పోయినేడు మూడు రోజులు చూశారు. ఎక్స్‌రే వెలుగు ఇసుమంతైనా మారలేదు."

"మూడు రోజుల్లో మారదు. దాని నడిమధ్య ఉన్న కృష్ణబిలం అంత పెద్దది. చిన్నవాటి చుట్టూ ఉండే వెలుగు గంటల్లో ఎగిరిపడుతుంది. పెద్దవాటికి ఏళ్లు పడుతుంది. చెంబులో కాగినంత త్వరగా గంగాళంలో నీళ్లు కాగుతాయా?"

"ఈ టెలిస్కోపు ఇంకో ఎనిమిదేళ్లకు మించి పనిచేయదు."

"ఇంకోటి ఎగురుతుంది. ఎవరు చూసినా ఆ గెలాక్సీ ఏమీ అనుకోదులే."

మళ్లీ నవ్వులు. ఈసారి కత్తెర మీద. అతను తగ్గలేదు. ఆమె గీసిన గ్రాఫును ఆమె వైపే తిప్పాడు. "పరికరం వేడెక్కితే వచ్చే తేడాను మీరు తీసేయలేదు. ఇలా కొలిస్తే ఇరవై ఏళ్లూ బూడిదలో పోసిన పన్నీరే."

ఆమె కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. "నిజమే. పొరపాటు నాదే," అంటూ పెన్ను తీసి అక్కడికక్కడే దిద్దుకుంది.

గదిలో ఎవరూ నవ్వలేదు. ఆవిడ రాసిన పుస్తకాలు చదివి పైకొచ్చినవాళ్లే అందరూ. అయినా కత్తెర చివరి ప్రశ్న మానలేదు, గొంతు మాత్రం మెత్తబడింది.

"ఏమీ అనుకోకండి మేడమ్. ఫలితం తేలేసరికి మీకు తొంభై దాటుతాయి. మీ తర్వాత దీన్ని ఎవరు చూస్తారు? మీ శిష్యులా?"

"వాళ్లు బంగారాలే. కాకపోతే నేనేం గీసినా తలూపుతారు."

"మరి?"

"ఆ పేరు రాసిన కాగితం విడిగా తెచ్చాను. ఆ మనిషి ఒప్పుకుంటేనే అర్జీకి జతచేద్దామని."

ఆమె సంచిలోంచి మడత కాగితం తీసి బల్ల మీదుగా జరిపింది. కత్తెర మడత విప్పాడు.

'నా తర్వాత బాధ్యత' అన్న చోట, ఆమె చేతిరాతలో, అతని పేరే ఉంది.