మనిషి కూర్చుంటే మోగే సీటు

“సీటు కింద సెన్సారు పీకి యాడ అమ్ముకున్నావురా జయపాలూ?”

నారాయణయ్య కారు ఆపీ ఆపకముందే అన్న మాట ఇది. అదీ ఆత్మకూరు బస్టాండు ఎదురుగా, పొద్దున పది గంటలకు, పదిమందీ వినేటట్టు. కార్లకు కరెంటు పని చేసే జయపాల్ చేతిలో స్పానరు అట్లాగే ఉండిపోయింది. ఆయన్ని దొంగ అన్నవాడు ఇంతవరకూ లేడు. అన్నవాడేమో ఆయన షాపు పెట్టుకున్న గదికి ఓనరు.

“సీటు కవర్లు మార్చమన్నారు, మార్చినాను. సెన్సారు జోలికి పోలేదు సార్.”

“పోకుండానే పాడయిందా?”

ఆ కారు సంగతి నారాయణయ్య ఊరు ఉదయగిరిలో తెలియనివాళ్లు లేరు. మద్రాసు నుంచి తెచ్చిన పాత ఫారిన్ కారు. డ్రైవరు పక్కన ముందు సీట్లో మనిషి కూర్చుని బెల్టు పెట్టుకోకపోతే, కింద సెన్సారు ఆ బరువు పసిగట్టి గణగణా మోగుతుంది. తొంభై ఎనిమిదిలో మన వైపు అంతకంటే వింత ఏముంది? నారాయణయ్య దారిన పోయేవాళ్లను పిలిచి మరీ కూర్చోబెట్టి మోగించేవాడు. నిన్న వియ్యంకుడు దిగాడు. ఆయనకు చూపిద్దామని, గొర్రెలు చూసుకునే వెంగయ్యను పిలిచి సీట్లో కూర్చోబెట్టాడు. మోగలేదు. “నీ కారు కూడా వెంగయ్యను మనిషి కింద జమ కట్టడం లేదు బావా” అని వియ్యంకుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. నారాయణయ్యకు తల కొట్టేసినట్టయింది. వెంగయ్యకు ఎలా అయిందో ఎవరూ అడగలేదు.

“ఉదయగిరి నుంచి ఈడిదాకా ఈ వెంగయ్యను ముందు సీట్లోనే తెచ్చినా. బెల్టు పెట్టనీలేదు. ఒక్క తూరి కూడా మోగలా. రేపు మా వియ్యంకుడు పోతాడు. ఈలోగా మోగాల. లేదంటే గది ఖాళీ చెయ్. దొంగోడికి నా గది ఇయ్యను.”

జయపాల్‌కు ఒళ్లు మండింది. “దొంగనో కాదో ఈడే తేలాల. మీరు దిగొద్దు సార్. తాళం తిప్పి పెట్టి స్టీరింగు ముందే కూర్చోండి.”

అప్పటికే వెంగయ్య దిగి గోడ పక్కన చతికిలబడ్డాడు. రెండు చేతులతో తొడలు పిసుక్కుంటున్నాడు. మోకాళ్లు వణుకుతున్నాయి.

“కారు పడలేదా పెద్దాయనా?” అన్నాడు జయపాల్.

“అలవాటు లేదు గదా” అన్నాడు వెంగయ్య.

ముందు జయపాలే ఎక్కి కూర్చున్నాడు. మోగింది. దిగాడు, ఆగింది. స్టెప్నీ టైరు ఎత్తి సీట్లో పెట్టాడు. మోగింది. టీ కొట్టు దేవకమ్మను బతిమాలి కూర్చోబెట్టాడు. ఆమె చీర సర్దుకునేలోపే మోగింది.

“ఇప్పుడేమంటారు సార్?”

“వెంగయ్యను కూర్చోబెట్టి మోగించు, అప్పుడు మాట్లాడు.”

వెంగయ్య ఎక్కాడు. చప్పుడు లేదు. టీ కొట్టు దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. జయపాల్ కిందికి వంగి వైర్లన్నీ తడిమి చూశాడు. ప్లగ్గు ఊడదీసి మళ్లీ బిగించాడు. అన్నీ సక్రమంగా ఉన్నాయి. టైరుకు మోగినది ఇంత మనిషికి మోగదా?

అలా వంగి ఉండగానే వెంగయ్య పాదాలు కళ్లబడ్డాయి. వేళ్లు మ్యాటును కరిచి పట్టుకుని ఉన్నాయి. తలెత్తి చూస్తే ఒక చెయ్యి తలుపు పైనున్న పిడిని పట్టుకుని వేలాడుతోంది. జయపాల్ లేచి బల్ల మీది పేపర్లోంచి ఒక కాగితం చింపి, వెంగయ్యకూ సీటుకూ మధ్యన దూర్చి లాగాడు. మనిషి కూర్చుని ఉంటే అది చిరగాలి. మడత కూడా పడకుండా చేతికొచ్చింది. వేలాడే పంచె చాటున ఆ సందు ఇంతవరకూ ఎవరికీ కనబడలేదు.

జయపాల్‌కు కోపం పోయి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

“సెన్సారు బాగుండాది సార్. ఈయన కూర్చోలేదు. ఉదయగిరి నుంచి ఈడిదాకా కాళ్ల మీదే వచ్చినాడు.”

వెంగయ్య తల దించుకున్నాడు. “సామి పక్కన సరిసమానంగా నేనెట్ట కూర్చునేది?”

“నేనేమన్నా కూర్చోవద్దన్నానా?” నారాయణయ్య గొంతు పెంచాడు.

“కూర్చోమనండి సార్. ఒక్క మాట. అప్పటికీ మోగకపోతే గది తాళాలు ఇప్పుడే మీ చేతిలో పెడతా.”

నారాయణయ్య చుట్టూ చూశాడు. జనం టీ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆ ఒక్క మాటా ఆయన నోట్లోంచి రాలేదు.

“ఆ వైరు కత్తిరించెయ్. మోగే పనే లేదు.”

“కత్తిరించను. బాగుండేదాన్ని పాడుచేసే పని నేను నేర్చుకోలేదు.”

“అయితే గది ఖాళీ చెయ్.”

“చేస్తా. దొంగ అన్న మాట ఎనక్కి తీసుకోండి, ఈ పూటే చేస్తా.”

అంతలో గణగణా మోగింది. జయపాల్ దొంగ కాదని బస్టాండంతా వినేటట్టు మోగింది.

అందరూ కారు వైపు తిరిగారు. వెంగయ్య పిడి వదిలేశాడు. సీటుకు వీపు ఆనించి, కాళ్లు బారచాపుకుని, నారాయణయ్య భుజానికి భుజం సమంగా కూర్చుని ఉన్నాడు.

“మోగింది గదా, బెల్టు పెట్టుకోరా ఇంక” అన్నాడు నారాయణయ్య పళ్లు కొరుకుతూ.

వెంగయ్య బెల్టు వైపు చూడను కూడా చూడలేదు.

“పెట్టుకోను సామీ. ఉదయగిరి దాకా మోగనీండి. మీ వియ్యంకుడు కూడా వినాల.”