కాకి వాటా

పొద్దున పెట్టిన పిండాన్ని మధ్యాహ్నం దాటినా కాకి ముట్టలేదు.

రేవులో కాకులు లేక కాదు. కావలసినన్ని ఉన్నాయి. ఎండుచేపలు ఆరబోసుకునే ఊళ్ళో కాకికి అన్నం ముద్ద మీద మోజేముంటుంది? ఒకటి మాత్రం పడవ తెరచాప కొయ్య మీద కూర్చుని అందరినీ ఎగాదిగా చూస్తోంది.

ఆ రోజు బుల్లియ్య పెద్దదినం. వరదొచ్చిన రాత్రి గౌతమిలో కొట్టుకుపోయాడు. పడవ మాత్రం మర్నాడు రెల్లుదుబ్బుల్లో తలకిందులుగా దొరికింది. గోదారి తీసుకున్న మనిషిని తిరిగివ్వదు గనక, గడ్డిబొమ్మకి నిప్పు పెట్టి, తమ్ముడు పల్లంరాజు చేత కర్మ చేయిస్తున్నారు.

కాకి ముట్టలేదంటే పోయినవాడికి ఏదో కోరిక మిగిలిపోయిందని లెక్క. అది తీర్చేదాకా దినం అయినట్టు కాదు. అంతవరకూ పచ్చి మంచినీళ్ళు ముట్టనని తల్లి పెద్దింట్లమ్మ ఒట్టేసుకుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. రేవు ఒడ్డునే ఉన్న వాళ్ళ పాక ముందు నులకమంచం మీద పోలీసు హెడ్డు కూర్చుని ఉన్నాడు. వరదకి ముందు బుల్లియ్య లాకుల దగ్గర తగువు పడి, అక్కడి గుమాస్తా చెయ్యి గడకర్రతో విరగ్గొట్టాడు. ముద్దాయి పోతే కేసూ పోతుంది, పడవ ఇంటివాళ్ళకే ఉంటుంది. లేదంటే పడవ జప్తు. హెడ్డుకి అనుమానమేమీ లేదు, బోర్లాపడ్డ పడవని కళ్ళారా చూసినవాడే. కానీ శవం లేదు. దినం సవ్యంగా జరిగింది, కాకి ముట్టింది అని పైవాళ్ళకి ఒక్క ముక్క చెప్పగలిగితే చాలన్నాడు. సర్కారు వారికి మనిషి సాక్ష్యం కంటే కాకి సాక్ష్యం మీద గురి.

కులపెద్ద గొంతు సవరించుకుని కొయ్య మీది కాకికి చేతులు జోడించాడు. తమ్ముడికి ఈ యేడే పెళ్ళి చేస్తామన్నాడు. కాకి ముక్కు కొయ్యకి రాసుకుంది. తల్లిని కంటికి రెప్పలా చూసుకుంటామన్నాడు. కాకి అటు తిరిగి కూర్చుంది. ఆ గుమాస్తా రెండో చెయ్యి కూడా విరగ్గొడతామని వెనక నుంచి ఎవరో అన్నారు. హెడ్డు దగ్గాడు.

అప్పుడు లేచింది పెద్దింట్లమ్మ. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది.

“వాడి కోరికేంటో నాకు తెలుసండి. వెళ్ళేముందు తాటిబూరెలు చెయ్యవే అన్నాడు. పండు రాలనీరా, అప్పుడే ఏంటి తొందర అన్నాను. నా నోరు పడిపోను.”

పెరట్లో గంప కింద తాటిపండ్లు సిద్ధంగానే ఉన్నాయి. నిన్నటి నుంచీ రాలిన పండు రాలినట్టు ఏరి దాచిందట. తల్లి మనసు అంటూ ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు.

పెద్దింట్లమ్మ నల్లటి తోలు ఒలిచింది. టెంకని రెండు చేతులా పిసికి పీచులోంచి గుజ్జు పిండింది. పసుప్పచ్చటి గుజ్జుని గుడ్డలో వడగట్టి, బియ్యప్పిండి, బెల్లం, కొబ్బరికోరు కలిపింది. బూరెల మూకుడులో నువ్వులనూనె కాగింది. మొదటి వాయి పడగానే ఆ వాసనకి రేవంతా నోరూరింది. పద్ధతి కాదని అందరూ గుటకలు మింగి ఊరుకున్నారు.

ఒక వాయి అయింది. రెండోది, మూడోది కూడా అయ్యాయి. కాకికి ఒక్కటి చాలు కదా, ఇన్నెందుకని పొరుగావిడ అడిగింది. వాడు ఒక్కదాంతో ఏనాడు ఆగాడని పెద్దింట్లమ్మ ముక్కు చీదింది. పొరుగావిడ కూడా చీదింది.

హెడ్డు ఊసుపోక కబుర్లు మొదలెట్టాడు.

“మీవాడు మంచోడమ్మా. తప్పు చేసిన ప్రతివాడూ పడవెక్కి యానాం పోతాడు. అది పరాసు దొరల రాజ్యం, మన ఇంగ్లీషు సర్కారుది కాదు. అక్కడ అడుగు పెడితే నా తలపాగాకి విలువ లేదు. మీవాడు నన్నలా తిప్పలు పెట్టలేదు, నిజాయితీగా గోదాట్లో పోయాడు.”

“ఆయ్, వాడికంత తెలివెక్కడిదండి,” అంది పెద్దింట్లమ్మ, మూకుడు మీంచి చూపు తిప్పకుండా.

పల్లంరాజు ఒక బూరె తీసుకెళ్ళి పిండం పక్కన పెట్టాడు. అందరూ వెనక్కి జరిగారు. పెద్దింట్లమ్మ పాక గుంజ పట్టుకుని నిలబడింది. ఇదీ ముట్టకపోతే ఇక ఆమె దగ్గర ఇంకో ఉపాయం లేదు.

కాకి కొయ్య దిగింది. పిండాన్ని దాటుకుని నడిచింది. బూరెని ఓసారి ముక్కుతో పొడిచింది, తల వంకర పెట్టి ఆలోచించింది, మొత్తం ఎత్తుకుని ఎగిరిపోయింది.

పెద్దింట్లమ్మ అక్కడే కూలబడి భోరుమంది. ఈసారి ఏడుపు ఎవరు ఆపినా ఆగలేదు. ఆడవాళ్ళు నలుగురూ పట్టుకుని నీళ్ళు తాగించారు.

హెడ్డు లేచి తలపాగా తీసి ఆకాశానికో దణ్ణం పెట్టాడు. కేసు అయిపోయినట్టేనన్నాడు, పడవ మీదేనన్నాడు. వద్దు వద్దంటూనే అయిదు బూరెలు తిని, ఆరోది జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. ఊరివాళ్ళు తలా ఒకటీ తిని కదిలారు. ఇంకా గంపెడు మిగిలాయి.

పొద్దు వాలింది. రేవు ఖాళీ అయింది. పల్లంరాజు పడవ తాడు విప్పాడు. పెద్దింట్లమ్మ మోకాలు లోతు నీళ్ళలో దిగి, అరిటాకు కప్పిన గంప అతని చేతికి అందించింది.

“యానాంలో మీ అన్నకిచ్చి అన్నీ వాణ్ణే తినమను,” అంది, “కాకి వాటా నేనిక్కడ పెట్టేశాను.”