యార్డులో కొట్లాట

వినోద నాటకం మొదలుపెట్టిందో లేదో, జనం లేవడం మొదలుపెట్టారు.

ముందు బీడీ ముట్టించుకోవడానికి ఒకాయన లేచాడు. ఆయన వెనకే ఇద్దరు. జక్రాన్‌పల్లి బస్సు హారన్ వినబడేసరికి ఒక వరుసంతా ఖాళీ.

ఆర్మూర్ మార్కెట్ యార్డులో పసుపు కుప్పలు పోసే షెడ్డు అది. పొద్దున బేరాలు అయిపోయాయి. కొందరు కాంటా తూకం కోసం కూర్చున్నారు, కొందరు అమ్ముకుని ఊరికే కూర్చున్నారు.

స్తంభానికి ఆనుకుని వినోద తండ్రి రాజేశ్వర్ అంతా చూస్తున్నాడు. ఆయన కళ్ళు బిడ్డ మీద లేవు, లేచిపోయేవాళ్ళ మీదున్నాయి.

బిడ్డ హైదరాబాద్‌లో, యూనివర్సిటీలో నాటకం చదువుతోంది. నటించడం, వేషం కట్టడం, రంగస్థలం అమర్చడం, లైటు ఎక్కడ పడాలో చూసుకోవడం, అన్నీ నేర్పే చదువే. ఇంకో ఏడాది మిగిలింది. బిడ్డ ఏం చదువుతుందని చుట్టాలు అడిగినప్పుడల్లా రాజేశ్వర్ తల వంచుకునేవాడు. ఇంటికొచ్చి ఆ కోపం బిడ్డ మీద తీర్చుకునేవాడు.

చివరికి ఒక షరతు పెట్టాడు. మన యార్డులో, మనవాళ్ళ ముందు ఒక్కసారి ఆడి చూపించు. చివరిదాకా కూర్చున్నారా, పోయి చదువుకో. లేచిపోయారా, పెట్టె సర్దుకుని ఇంటికి రా.

వినోద సరేనంది. బతిమాలలేదు, ఏడవలేదు. ఎక్కడ ఆడాలో చెప్పు బాపూ, అంతే అంది.

తోడుగా చదివే రుక్సార్ వచ్చి గోనె బస్తాలు పేర్చి అడ్డుగోడ కట్టింది. పాత కాంటా ఒకటి వేలాడదీసింది. ఒంటరిగా పసుపు అమ్ముకోవడానికి యార్డుకొచ్చిన ఆడమనిషి కథ. రాసింది వినోదే, ఆడేదీ వినోదే.

అంతా బాగానే ఉంది గానీ, గొంతు లేవడం లేదు. ఎదురుగా బాపు నిలబడ్డాడాయె. మాటలు నోట్లోనే నానుతున్నాయి.

అప్పుడు ఖాళీ సంచుల మీద కూర్చున్న ఒక ముసలాయన గట్టిగా నవ్వాడు. తలకు తువ్వాల చుట్టుకుని ఉన్నాడు. ఎవరో, ఏ ఊరో ఎవరికీ తెలియదు.

"ఏ పిల్లా, ఎవలి బిడ్డవు? మీ ఇంట్ల మొగోడు లేడా, నిన్ను గిట్ల ఎగురనీకి ఇడిచిపెట్టిండ్రు?"

బస్సు వైపు పోయేవాళ్ళు ఆగారు. యార్డులో నాటకానికి ఎవరు ఆగుతారు? కొట్లాట అంటే మాత్రం చాయ్ గ్లాసు చేతిలో ఉండగానే ఆగుతారు.

వినోద రాసుకున్న మాటలన్నీ మరిచిపోయింది.

"నా పంట. నేనే అమ్ముత. మొగోడెందుకు?"

అది నాటకంలో మాటో తన మాటో ఆమెకే తెలియదు.

ముసలాయన జనం వైపు తిరిగి చెయ్యి ఊపాడు. "గొంతే లేదు గని, పంటనట. లేవుండ్రి, లేవుండ్రి. గిది ఇని ఏం జేస్తరు?"

"ఎవ్వలు లేవరు," అంది వినోద. పైన రేకులు మోగాయి. "కూసోండ్రి. నా మాట ఇంక కాలే."

లేచినవాళ్ళు కూర్చున్నారు. బయటి హమాలీలు లోపలికొచ్చారు.

ముసలాయన తిట్టేకొద్దీ పిల్ల గొంతు పెరిగింది. ఆడదానికి కాంటా పట్టడం వచ్చా అని ఎగతాళి చేశాడు. బస్తా ఎక్కించి, ముల్లు నిలబెట్టి చూపించింది. నాలుగు మాటలు నేర్చి మగవాళ్ళ మీద అరుస్తావా అన్నాడు. అరుస్తా, నువ్వు చెవులు మూసుకో అంది. ఆడవాళ్ళు పకపకా నవ్వారు.

ఇక అతను చివరి మాట తీశాడు. చదువు పేరు చెప్పి గంతులేసే బిడ్డను కన్నవాడు ఏ మొహం పెట్టుకుని తిరుగుతాడో అన్నాడు.

ఇంట్లో రాజేశ్వర్ రోజూ అనే మాటే అది. పరాయి నోట వినేసరికి ఒళ్ళు మండింది. స్తంభం వదిలి వచ్చి ముసలాయన అంగీ పట్టుకున్నాడు.

"అది నా బిడ్డ. యూనివర్సిటీల చదువుతున్నది. అడగనీకి నువ్వెవడివిరా?"

హమాలీలు ఇద్దరు తోడయ్యారు. ముగ్గురూ కలిసి అతన్ని గేటు దాకా ఈడ్చుకుపోయి బయటికి నెట్టారు. అంగీ చినిగింది. పడ్డాడు, లేచాడు, దుమ్మైనా దులుపుకోకుండా పోయాడు. పోతూ నవ్వుకున్నాడని రుక్సార్ చెబితే, సిగ్గులేని మనిషని అందరూ తిట్టుకున్నారు.

వినోద ఆగలేదు. అదే మంటతో నాటకం పూర్తి చేసింది. ఒక్కరూ కదలలేదు. తర్వాత రాజేశ్వరే ఆమె పెట్టె మోసి హైదరాబాద్ బస్సెక్కించాడు.

మరుసటి ఏడు చదువు పని మీద వినోద ఊరూరా తిరిగి పాత భాగోతం ఆటగాళ్ళను కలిసింది. సిరికొండలో నీలవ్వ దొరికింది. ఒకప్పుడు రాణి వేషాలు కట్టిన ముసలామె. చాయ్ పోసి, కూర్చోబెట్టుకుని ముచ్చట పెట్టింది. మొదట్లో జనాన్ని చూస్తే నోరు పెగిలేది కాదట.

"మరెట్ల ఆడినవ్, అవ్వా?"

"మా ఆయన భూమేశ్వర్ ఉండె గద, బిడ్డా. చెడ్డ వేషం ఎవ్వలు కట్టకుంటె ఆయనే కట్టేటోడు. నా గొంతు ఆగితె, ఆటల లేని తిట్లు తిట్టేటోడు. నాకు కోపమొచ్చి గొంతు లేస్తుండె. జనం మెచ్చుకునుడు నన్ను, రాళ్ళేసుడు ఆయన మీద."

వినోద చాయ్ కింద పెట్టింది. "ఆయన ఏడి, అవ్వా?"

"కార్తీకంల పోయిండు."

ఆట మానేసి ఎన్నో ఏళ్ళయిందట. పోయిన పంటకు పసుపు అమ్ముకొస్తానని ఆర్మూర్ పోయి, చినిగిన అంగీతో, ఒంటి నిండా దుమ్ముతో, పెళ్ళికొడుకులా నవ్వుకుంటూ ఇల్లు చేరాడట. ఎవరు కొట్టారయ్యా అని నీలవ్వ లబోదిబోమంటే ఒక్కటే చెప్పాడట.

"యార్డుల ఒక పిల్లకు గొంతు లేస్తలేదు, జర ఎదురు నిలబడి వచ్చిన."